విపశ్యన శిబిరంలో ఏదీ కలపకండి: మొదటిసారి వెళ్లేవారికి

మీరు అడిగినవి క్లుప్తంగా ఇవీ: హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే, ధ్యానం అంటే ఫోన్ యాప్‌లో పది నిమిషాలు తప్ప అనుభవం లేదు. పది రోజుల విపశ్యన (మౌనంగా కూర్చుని ఒంట్లో కలిగే అనుభూతుల్ని గమనించే బౌద్ధ ధ్యానం) శిబిరానికి వెళ్లొచ్చా, మోకాళ్లు తట్టుకుంటాయా, మధ్యలో వచ్చేస్తే ఏమవుతుంది, ఇది మన దగ్గర అందరూ చెప్పే ‘శ్వాస మీద ధ్యాస’ లాంటిదేనా? ఒక్కొక్కటిగా చెప్తాను. ముందు ఒక మాట. శిబిరంలో ఇబ్బంది పడేవాళ్లలో ఎక్కువమంది చెప్పినదానికి సొంతంగా ఏదో ఒకటి జోడించినవాళ్లే. చెప్పింది చేయలేక దెబ్బతిన్నవాళ్లు తక్కువ. కింద రాసినదంతా దాదాపు దీని చుట్టూనే తిరుగుతుంది.

మీరు వెళ్లాలనుకుంటున్నది ఎస్.ఎన్. గోయెంకా గారి సంప్రదాయంలోని శిబిరం. బర్మాలో పుట్టి పెరిగిన వ్యాపారి ఆయన. రంగూన్‌లో ప్రభుత్వ అకౌంట్స్ శాఖలో పెద్ద ఉద్యోగం చేస్తూనే ధ్యానం నేర్పిన సయాజీ ఊ బా ఖిన్ దగ్గర 1955లో నేర్చుకుని, 1969లో భారత్‌కు వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో ఉన్న ధమ్మఖేత్త 1976 నాటిది, దేశంలో ఈ సంప్రదాయపు తొలి కేంద్రాల్లో ఒకటి. నాగార్జునసాగర్ రోడ్డు మీద, వనస్థలిపురం దాటాక కుసుమ్‌నగర్‌లో ఉంటుంది. మెట్రోలో ఎల్బీనగర్ దాకా వచ్చి, అక్కడి నుంచి ఇబ్రహీంపట్నం వైపు వెళ్లే బస్సు గానీ ఆటో గానీ పట్టుకోవచ్చు. అక్కడ సీటు దొరక్కపోతే సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లో, నాగార్జునసాగర్‌లో, నిజామాబాద్ జిల్లాలో, ఏలూరు దగ్గర విజయరాయిలో, భీమవరం దగ్గర కుముదవల్లిలో కూడా కేంద్రాలున్నాయి. నేర్పే పద్ధతి అన్నిచోట్లా ఒకటే. అందుకే కేంద్రం గురించి ఎక్కువ ఆలోచించకుండా మీ సెలవులకు కుదిరే తేదీ చూసుకోండి.

సెలవుల లెక్క చాలామంది తప్పుతారు. పది రోజుల శిబిరం అంటే క్యాలెండర్‌లో పన్నెండు రోజులు. మొదలయ్యే ముందు రోజు మధ్యాహ్నానికే చేరాలి, ముగిసేది పదకొండో రోజు ఉదయం. బుధవారం చేరితే ఆ తర్వాతి వారం ఆదివారం పొద్దున బయటకొస్తారు. అంటే ఎనిమిది పని దినాలు సెలవు కావాలి. కుదిరితే సోమవారం కూడా కలుపుకోండి. పది రోజుల నిశ్శబ్దం తర్వాత మర్నాడే రిలీజ్ కాల్‌లో కూర్చుంటే మనసు ఎంత పలుచగా ఉందో అప్పుడు తెలుస్తుంది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఆడవాళ్లకు, మగవాళ్లకు సీట్లు వేరు, వసతి వేరు, నడిచే దారులు కూడా వేరు. భార్యాభర్తలు ఒకే శిబిరానికి వచ్చినా అదే నియమం. వేసవి సెలవుల్లో, సంవత్సరాంతంలో సీట్లు త్వరగా నిండుతాయి. సీటు ఖరారయ్యాక వెళ్లలేకపోతే వెంటనే రద్దు చేయండి, వెయిటింగ్‌లో ఉన్న ఇంకొకరికి వెళ్తుంది. డబ్బు సంగతికొస్తే భోజనానికి, వసతికి, నేర్పినందుకు ఏమీ తీసుకోరు. కనీసం ఒక పది రోజుల శిబిరం పూర్తిచేసినవాళ్ల దగ్గరే, అదీ వాళ్లంతట వాళ్లు ఇస్తేనే, విరాళం తీసుకుంటారు. మొదటి రోజే ఇస్తానన్నా ఒప్పుకోరు.

దరఖాస్తులో ఆరోగ్యం గురించి అడిగే చోట దాచకండి. డిప్రెషన్, బైపోలార్, తీవ్రమైన ఆందోళన, ఎప్పుడైనా భ్రమలు కలగడం, ఆత్మహత్య ఆలోచనలు, మానేసిన మందులు, అన్నీ రాయండి. ‘ఇది రాస్తే సీటు ఇవ్వరేమో’ అని దాచేవాళ్లున్నారు. సీటు ఇవ్వకపోవడం చాలాసార్లు మీ మంచికే. రోజుకు పది గంటలకు పైగా కళ్లు మూసుకుని, మాట్లాడకుండా, నిద్ర కాస్త తగ్గించుకుని ఉండటం మామూలు మనసుకే బరువు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్లకు అది ప్రమాదం కావచ్చు. మీ సైకియాట్రిస్ట్‌ను అడగకుండా వెళ్లకండి. ‘అక్కడ ధ్యానం చేస్తాం కదా’ అని మాత్రలు ఆపడం అన్నిటికంటే పెద్ద తప్పు. షుగరు, బీపీ, థైరాయిడ్, ఆస్తమా ఉన్నవాళ్లు మందులు, ఇన్‌హేలర్ వెంట తీసుకెళ్లి, చేరిన రోజే మేనేజర్‌కు చెప్పండి. సాయంత్రం భోజనం ఉండదు కాబట్టి ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్‌తో ముందే డోసు మాట్లాడుకోవాలి, కేంద్రానికీ ముందే తెలియజేయాలి.

ఇంట్లో భయపడితే కేంద్రం ఫోన్ నంబర్ ఇచ్చి వెళ్లండి. ఫోన్ మొదటి రోజే అప్పజెప్పాలి. నిజమైన అత్యవసరం వస్తే ఆఫీసు వాళ్లు మీకు చెప్తారు. ఇక పుస్తకాలు, నోట్‌బుక్, పెన్ను, జపమాల, తాయెత్తు ఇంట్లోనే వదిలేయండి. వదులు బట్టలు, దుప్పటి, శాలువా, టార్చి, వాసన లేని సబ్బు, త్వరగా వేసుకుని విప్పుకునే చెప్పులు చాలు. దోమలకు పూసుకునే క్రీము పట్టుకెళ్లండి, దోమను కొట్టడం కూడా అక్కడ శీలభంగమే, అంటే ప్రాణిని చంపకూడదన్న నియమం తప్పినట్టే. డిసెంబరు, జనవరిలో వెళ్తే స్వెటర్ తప్పనిసరి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం సాధన వేడికి నీరసంగా సాగుతుంది. మొదటిసారికి అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్య నెలలు నయం.

రోజు ఎలా ఉంటుందంటే, పొద్దున 4 గంటలకు గంట కొడతారు. 4:30 నుంచి 6:30 దాకా సాధన, తర్వాత టిఫిన్. 8 నుంచి 9 దాకా హాల్లో సామూహిక సాధన, మళ్లీ 11 వరకు. 11కు భోజనం. 12 నుంచి 1 దాకా విశ్రాంతి, శిబిరం నడిపించే ఆచార్యుల్ని ఒక్కొక్కరుగా కలిసే సమయం కూడా అదే. 1 నుంచి 5 దాకా సాధన, అందులో 2:30 నుంచి 3:30 సామూహికం. 5కు టీ, పండు, మరమరాల్లాంటివి. 6 నుంచి 7 దాకా సామూహికం, ఆ తర్వాత గోయెంకా గారి రికార్డు చేసిన ప్రవచనం, మరికాస్త సాధన. 9:30కు దీపాలు ఆర్పేస్తారు. పాత సాధకులు (ఇప్పటికే ఒక పది రోజుల శిబిరం పూర్తిచేసినవాళ్లు) ఎనిమిది శీలాలు, అంటే నియమాలు, పాటిస్తారు గనుక వాళ్లకు మధ్యాహ్నం తర్వాత ఘనాహారం లేదు, సాయంత్రం నిమ్మరసమే. మీకు ఐదు శీలాలు. మీరు ఏ భాషలో వినాలనుకుంటున్నారో దరఖాస్తులో సరిగ్గా పెట్టండి. ఇంగ్లీషులో ఆఫీసు పని ఎంత బాగా నడిపినా, అలసిన బుర్రతో సూచనలు వినడానికి అమ్మభాషే హాయి.

రాత్రి భోజనం లేదన్న భయంతో 11 గంటలకు రెండింతలు తినేయడం కొత్తవాళ్ల మామూలు పొరపాటు. దాని ఫలితం 1 నుంచి 2:30 వరకు తూగడం. మూడొంతులు తిని ఆపండి. మలబద్ధకం కూడా చాలామందికి వస్తుంది: సమయాలు మారతాయి, నడక తగ్గుతుంది, హాల్లోంచి లేవాల్సి వస్తుందని నీళ్లు తక్కువ తాగుతారు. నీళ్లు బాగా తాగి, విరామంలో తప్పకుండా నడవండి. రోజుకు ఆరేడు టీలు అలవాటైతే వారం ముందు నుంచి తగ్గించుకోండి, లేకపోతే మొదటి రెండు రోజుల తలనొప్పిని సాధన ఖాతాలో వేసేస్తారు.

ఇక మోకాళ్లు. పద్మాసనం అక్కర్లేదు. సుఖాసనం, వజ్రాసనం, చిన్న పీట, ఏదైనా సరే. వెన్ను, మెడ నిటారుగా ఉంటే చాలు. చూసుకోవాల్సింది పిరుదుల ఎత్తు. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకు తుంటి కీళ్లు బిగుసుకుని ఉంటాయి. నేల మీద చదునుగా కూర్చుంటే నడుము వెనక్కి వంగి, మోకాళ్లు గాల్లో లేచి ఉంటాయి. ఆ లాగుడంతా మోకాలి లోపలి వైపు, నడుము కింద పడుతుంది. గట్టి కుషన్ నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తు వేసుకుని, దాని ముందు అంచు మీద కూర్చుంటే నడుము దానంతట అదే నిలబడుతుంది. అప్పటికీ మోకాలు నేలకు ఆనకపోతే మడిచిన తువ్వాలు కింద పెట్టండి. మెత్తటి కుషన్లు నాలుగైదు పేర్చుకునేవాళ్లు ప్రతి శిబిరంలోనూ కనిపిస్తారు. అవి కుంగుతాయి, ఒరుగుతాయి, గంటలో మూడుసార్లు సర్దుకోవాలి. ఒకటే గట్టిది మేలు. మోకాలికి ఆపరేషన్ అయినవాళ్లు, డిస్కు సమస్య ఉన్నవాళ్లు మొదటి రోజే కుర్చీ అడగండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

వెళ్లడానికి మూడు వారాల ముందు నుంచి ఇంట్లో నేల మీద కూర్చుని అన్నం తినండి, రోజూ 20 నిమిషాలతో మొదలుపెట్టి 40 దాకా నేల మీద కూర్చోండి. ముందస్తు తయారీ ఇంతే. యూట్యూబ్ చూసి విపశ్యన ముందే నేర్చుకుని వెళ్లకండి, అక్కడికెళ్లాక అది మరిచిపోవడమే అదనపు పని అవుతుంది.

నొప్పుల్లో తేడా తెలుసుకోండి. మొద్దుగా, వెడల్పుగా పాకుతూ, లేచి నాలుగడుగులు వేస్తే పోయేది కూర్చోవడం వల్ల వచ్చిన నొప్పి. సూదిలా ఒకేచోట పొడుస్తూ, లేచాక అరగంటైనా తగ్గనిది కీలు చెప్తున్న మాట. ఆ భంగిమ వదిలేయండి. కాలు తిమ్మిరెక్కితే వెంటనే లేవకండి, స్పర్శ తిరిగొచ్చేదాకా కాలు చాపి ఆగండి, లేదంటే చీలమండ మడతపడుతుంది. పాదం పైకి ఎత్తలేకపోతుంటే, అది కాసేపట్లో తగ్గకపోతే, మోకాలి పక్కన నరం నలిగినట్టు. అలా కూర్చోవడం ఆపి వెంటనే చెప్పండి.

సాధన విషయానికి వస్తే, మొదటి మూడున్నర రోజులు ఆనాపాన. లోపలికొచ్చే శ్వాస, బయటకెళ్లే శ్వాస, అది ఎలా ఉంటే అలా ముక్కు ద్వారాల దగ్గర గమనించడం. రోజురోజుకూ గమనించే చోటు చిన్నదవుతుంది: మొదట శ్వాస రాకపోకలు, తర్వాత అది తాకే చోటు, తర్వాత ముక్కు, పై పెదవి కలిసిన త్రిభుజంలో ఏదైనా సంవేదన (ఒంటికి తెలిసే అనుభూతి), చివరికి ముక్కు రంధ్రాల కింద, పై పెదవి పైన ఉన్న చిన్న జాగా. చల్లదనం, వెచ్చదనం, దురద, చెమట, ఏదైనా పర్లేదు.

జోడించడం ఇక్కడే మొదలవుతుంది. ప్రాణాయామం అలవాటున్నవాళ్లు శ్వాసను పొడవు చేస్తారు. జపం అలవాటున్నవాళ్లు ‘సోహం’ కలుపుతారు. లెక్కపెట్టేవాళ్లు, కనుబొమల మధ్య వెలుగును ఊహించుకునేవాళ్లు ఉంటారు. మంత్రం కలిపితే మనసు తొందరగానే నిలుస్తుంది, ఆ మాట నిజం. కానీ నాలుగో రోజు నుంచి కావాల్సింది సన్నటి సంవేదనను పట్టుకునే చురుకుదనం. మనసు మాటను పట్టుకుని నిలిస్తే ఆ చురుకుదనం రాదు. శ్వాస అసలు దొరకకపోతే నాలుగైదు సార్లు కాస్త గట్టిగా పీల్చి వదిలి, మళ్లీ మామూలు శ్వాసకు వచ్చేయండి.

మీరడిగిన ‘శ్వాస మీద ధ్యాస’కు తేడా ఇప్పుడు చెప్పొచ్చు. మన తెలుగునాట పిరమిడ్ ధ్యానం వల్ల ఆ మాట ఇంటింటికీ తెలుసు. సహజ శ్వాసను గమనించమనే చోట రెండూ ఒకటే. ఈ శిబిరంలో శ్వాస తొలి మెట్టు మాత్రమే, నాలుగో రోజు దాన్ని వదిలి ఒంటి సంవేదనలకు వెళ్తారు. శక్తి, దివ్యదృష్టి, పూర్వజన్మలు వంటివి ఇక్కడ లక్ష్యం కావు. ఏది మంచిదన్న వాదన అనవసరం, పది రోజుల పాటు మాత్రం రెండూ కలపకూడదు. మీరు రోజూ చేసే పూజ, యోగాసనాలు కూడా ఆ పది రోజులు ఆపాలి. వ్యాయామం అంటే నడకే.

నాలుగో రోజు మధ్యాహ్నం అసలు విపశ్యన నేర్పుతారు. నడినెత్తి నుంచి కాలి వేళ్ల దాకా, రెండు మూడు అంగుళాల భాగాలుగా, ఎక్కడా వదలకుండా వరుసగా దృష్టి పోనివ్వాలి. ఉన్న సంవేదనను తెలుసుకుని ముందుకు జరగాలి. ఏమీ తెలియని చోట ఒక నిమిషం ఆగండి, అప్పటికీ తెలియకపోతే వదిలేసి వెళ్లండి. అక్కడే పది నిమిషాలు తవ్వుతూ కూర్చుంటే ఊహలు మొదలవుతాయి. తర్వాతి రోజుల్లో కింద నుంచి పైకి కూడా, రెండు చేతులు ఒకేసారి, రెండు కాళ్లు ఒకేసారి ఇలా విస్తరిస్తుంది. కొందరికి ఒళ్లంతా సన్నటి ప్రకంపనలా ధారగా సాగిపోతుంది.

ఆ ధార చాలామందిని పడగొడుతుంది. ఆరో రోజు పొద్దున హాయిగా వచ్చింది, మధ్యాహ్నం రాలేదు, సాయంత్రానికి ‘నా సాధన పోయింది’ అని దిగులు. పోయిందేమీ లేదు. హాయిని అంటిపెట్టుకోవడం, నొప్పిని తోసేయడం అనే అలవాటును చూసి బలహీనపరచడానికే ఈ సాధన. హాయి కోసం వెతికితే అదే అలవాటుకు మేత వేసినట్టు. మొద్దు నొప్పి ముందు అలజడి లేకుండా పది నిమిషాలు ఉండగలిగితే ఆ రోజు సాధన బాగా జరిగిందని లెక్క. సంవేదన ఎంత సూక్ష్మం అన్నది కొలత కాదు, దాని పట్ల సమత ఎంత అన్నదే కొలత.

విపశ్యన నేర్పాక రోజుకు మూడుసార్లు సామూహిక సాధనలో అధిష్ఠానం ఉంటుంది. గంటసేపు చేతులు, కాళ్లు కదపకుండా, కళ్లు తెరవకుండా ఉండే ప్రయత్నం. ఇది చదివి భయపడేవాళ్లెక్కువ. మొదట్లో ఒకటి రెండుసార్లు కదిలినా ఎవరూ ఏమీ అనరు. పళ్లు బిగబట్టి, పిడికిళ్లు బిగించి గంట గడిపేస్తే బయటికి కదల్లేదు గానీ లోపల గంటసేపు ద్వేషం సాధన చేసినట్టే. నొప్పి పెరిగినప్పుడు ముందు దవడ, భుజాలు, పొట్ట వదులు చేయండి. నొప్పి నడిమధ్యకు వెళ్లకుండా అది ఎంత మేర ఉందో, ఎక్కడ ఆగుతుందో అంచుల దగ్గర చూడండి. ‘మోకాలు విరిగిపోతోంది’ అన్న ఒకే ముద్ద వేడిగా, బిగువుగా, కొట్టుకుంటున్నట్టుగా విడివిడి సంవేదనలుగా తెలుస్తుంది, అవి క్షణక్షణం మారుతుంటాయి. అక్కడ అనిచ్చ (అనిత్యం) అనే మాట వందసార్లు వింటారు, అది ఈ మార్పు గురించే. అయినా భరించలేకపోతే నెమ్మదిగా భంగిమ మార్చుకుని మళ్లీ మొదలుపెట్టండి.

నిద్ర తగ్గడం, వింత కలలు, కారణం లేని కోపం, ఏడుపు, పాత సంగతులు గుర్తుకు రావడం మామూలే. వాటి వెంట పోకుండా సంవేదనకు తిరిగి రండి. నిద్ర పట్టకపోతే పడుకునే ఉండి సంవేదనలు గమనించండి, ఒళ్లు విశ్రాంతి తీసుకుంటుంది. రెండు మూడు రాత్రులు బొత్తిగా నిద్ర లేకపోతే, గుండెదడ ఆగకపోతే, చుట్టూ ఉన్నది నిజం కాదనిపిస్తుంటే, లేని మాటలు వినిపిస్తుంటే మాత్రం ఇంకా గట్టిగా సాధన చేయకండి. ఆ గంటే ఆచార్యులకు చెప్పండి. ఆర్యమౌనం, అంటే అక్కడ పాటించే మౌనం, తోటి సాధకులతోనే. ఆచార్యులతో, ధమ్మ సేవకులతో (శిబిరంలో స్వచ్ఛందంగా పనిచేసే పాత సాధకులతో) అవసరమైంది మాట్లాడొచ్చు. మొహమాటంతో నోరు మూసుకుని కూర్చున్నవాళ్లకే సమస్యలు ముదురుతాయి. ఆచార్యుల దగ్గర ప్రశ్న చిన్నగా, సాధన గురించే ఉండాలి: ‘ఎడమ కాలిలో రెండు రోజులుగా ఏమీ తెలియడం లేదు, ఏం చేయను?’ అన్నట్టు. ఆత్మ ఉందా లేదా అన్న చర్చకు అది చోటు కాదు.

మధ్యలో వచ్చేయడం గురించి. వచ్చేయాలని బలంగా అనిపించేది ఎక్కువగా రెండో రోజు, ఆరో రోజు. పది రోజులు ఉంటానని ఒప్పుకునే చేరతారు కాబట్టి, ఈ సాధన మనసుకు ఆపరేషన్ లాంటిది, మధ్యలో లేచి వెళ్లొద్దని గోయెంకా గారు ప్రవచనాల్లో చెప్తారు. విసుగు, ఒళ్లు నొప్పులు, ఆఫీసు గుర్తుకు రావడం వంటి కారణాలైతే ఆ మాట వినండి, ఒక రోజు ఆగితే చాలావరకు సర్దుకుంటుంది. ఆరోగ్యం, మానసిక స్థితి దెబ్బతింటుంటే ఆచార్యులతో మాట్లాడి బయటకు రావడంలో తప్పు లేదు, మిమ్మల్ని కట్టేసి ఉంచరు. చెప్పకుండా గోడ దూకి పోవడం మాత్రం చేయకండి, మీ కోసం వెతుక్కుంటారు.

పదో రోజు ఉదయం మైత్రి భావన (అందరూ బాగుండాలని కోరుకునే ధ్యానం) నేర్పి మౌనం విప్పుతారు. ఆ రోజు అందరూ ఆగకుండా మాట్లాడతారు, సాధన కుదరదు. అయినా ఆ రోజు ఉండటం అవసరం, నేరుగా నిశ్శబ్దంలోంచి ఎల్బీనగర్ చౌరస్తాలోకి వచ్చిపడకుండా కాపాడేది అదే. పదకొండో రోజు ఉదయం టిఫిన్ తర్వాత బయల్దేరవచ్చు.

తిరిగొచ్చాక పొద్దున గంట, సాయంత్రం గంట అని చెప్తారు. మనసు నిలవకపోతే అందులో మొదటి పది, పదిహేను నిమిషాలు ఆనాపాన చేసి తర్వాత విపశ్యనకు వెళ్లండి. ఎక్కువమంది సాయంత్రం గంటను ముందు పోగొట్టుకుంటారు, ట్రాఫిక్‌లో రెండు గంటలు గడిపి వచ్చాక కూర్చోగానే నిద్రే. ఆఫీసు నుంచి వచ్చి అన్నం తినకముందే కూర్చోండి. కుదరని రోజు పొద్దున గంటనైనా వదలకండి. పాత సాధకులకు వారం వారం సామూహిక సాధనలు, ఒక్క రోజు శిబిరాలు ఉంటాయి, మొదటి మూడు నెలలు వాటికి వెళ్తే అలవాటు నిలుస్తుంది. ఇంట్లోవాళ్లకు, టీమ్‌కు విపశ్యన గొప్పదనం చెప్పే పని ఆ మూడు నెలలూ పెట్టుకోకండి. రెండో శిబిరానికి ఏడాదిలోపు వెళ్లడం మంచిది, లేదా ఒకసారి ధమ్మ సేవకు వెళ్లి వంటగదిలో పది రోజులు పనిచేయండి. సతిపట్ఠాన శిబిరానికి (పాత సాధకుల కోసం జరిగే ప్రత్యేక శిబిరం) మూడు పది రోజుల శిబిరాలు పూర్తయి ఉండాలి, 20, 30 రోజుల దీర్ఘ శిబిరాలకు ఇంకా గట్టి షరతులున్నాయి. వాటి గురించి ఇప్పుడు చదవనక్కర్లేదు.